వీధి కుక్క: ఏరు దాటించడమా, అన్నం పెట్టి ఊరుకోవడమా, ఆపరేషన్ చేయించడమా?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మా వీధిలో సగం ఇళ్లు తెలుగు, సగం ఒడియా. వీధి కుక్కకి కూడా రెండు పేర్లు. మేం ఎర్రమ్మ అంటాం, ఎదురింటివాళ్లు నాలి అంటారు. ఎలా పిలిచినా తోక ఊపుకుంటూ వస్తుంది. పోయిన చలికాలం కల్వర్టు కింద ఐదు పిల్లల్ని పెట్టింది. పిల్లల తల్లి కదా, సైకిళ్ల వెంట పడటం మొదలుపెట్టింది. దాంతో వీధిలో తలో మాటా బయల్దేరింది.

ముందు వచ్చిన సలహా, గోనెసంచిలో వేసి మహేంద్రతనయ ఏరు దాటించి, అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు వదిలేయమని. చాలా ఇళ్లలో ఇదే ఆలోచన, అటు ఊరివాళ్లకీ ఇదే ఆలోచన. ఇటు కుక్కలు అటు పోతే అటువి ఇటు వస్తాయి. పాలు తాగే పిల్లల్ని అలా వదిలేస్తే రెండు రోజులు బతకవు. తిండికీ నీళ్లకీ అల్లాడేలా జంతువుని వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

జాలి మాట పక్కన పెట్టి లెక్కగా చూసినా ఇది దండగే. ఎంగిలాకులు, చెత్తకుప్ప ఎక్కడివక్కడే ఉంటాయి. ఖాళీ అయిన చోటుకి వారం తిరక్కుండా వేరే కుక్క వస్తుంది. దాని గుణం మనకి తెలీదు, టీకా పడిందో లేదో తెలీదు. నా దృష్టిలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కుక్క కరిస్తే డాక్టరు ముందు అడిగేది, ఆ కుక్క ఇప్పుడెక్కడుందని. కరిచాక పది రోజులు ఆరోగ్యంగా బతికి ఉందంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేనట్టే. రోజూ కళ్లముందు తిరిగే ఎర్రమ్మనైతే పది రోజులు కనిపెట్టి ఉండొచ్చు. ఏరు దాటించిన కుక్కని ఎక్కడ వెతుకుతాం? అలాగని పది రోజులు చూసి అప్పుడు సూది వేయించుకోవచ్చులే అనుకోకండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడమన్నది దాదాపు లేదు.

ఇక అన్నం పెట్టి ఊరుకోవడం. రెండేళ్లు నేను చేసింది ఇదే. పక్కింటి మామ్మ అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "ఏటమ్మా, నువ్వు కూడేస్తన్నావు బాగానే ఉంది. రేపు మా గుంటడిని కరిస్తే ఎవులు చూస్తారు?" నా దగ్గర జవాబు లేదు. ఆడకుక్క ఏడాదికి ఇంచుమించు రెండుసార్లు ఎదకొస్తుంది, కడుపుతో ఉండేది రెండు నెలలే. నేను పెట్టిన తిండితో బలంగా ఉంది కాబట్టి ఐదుగుర్ని కంది. అందులో రెండు నా చేతుల్లోనే పోయాయి. పొద్దున్న వాంతి, మధ్యాహ్నానికి నెత్తురు విరేచనాలు, దగ్గరికెళ్తే ఒకలాంటి నీచు వాసన. పార్వో అన్నారు పశువుల డాక్టరు, కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా పడి, తర్వాతివి కూడా వరసగా పడి ఉంటే బతికేవేమో. మూడు రోజులు స్పూనుతో నీళ్లు పట్టాను. రెండో పిల్ల చివరి రాత్రి స్పూను మూతి దగ్గర పెడితే నాలుక బయటికి తీసింది గాని మింగలేకపోయింది. అన్నం పెట్టడం దయే. నాది సగంలో ఆగిపోయిన దయ అని ఆ రాత్రి అర్థమైంది.

ఇంట్లో కట్టేసుకుంటే సరి అన్నారు కొందరు. వీధిలో పెరిగిన పెద్ద కుక్కకి గొలుసు నరకం, రాత్రంతా ఏడుస్తుంది. ఇంటికి తెచ్చుకోవాలంటే పిల్లగా ఉన్నప్పుడే తెచ్చుకోవాలి. మిగిలిన మూడు పిల్లలూ అలాగే మా ఇంటికొకటి, ఎదురింటికొకటి, పాతపట్నంలో మా అన్నయ్య వాళ్లింటికొకటి చేరాయి.

నా ఓటు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేయించి అదే వీధిలో వదలడానికే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదీ ఇదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, ఆపరేషనూ టీకా అయిన కుక్కని పట్టిన చోటే వదలాలంది. రేబిస్ ఉన్నవాటికి, మీదపడి కరిచేవాటికి మాత్రం ఇది వర్తించదు. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దు, అందుకు చోటు కేటాయించండి అని కూడా చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలొద్దని ఆదేశించింది. బడి పిల్లల మధ్య కుక్కలు తిరగకూడదన్నది నాకూ సబబే అనిపిస్తుంది. ఒక ప్రాంతంలో నూటికి 70 కుక్కలకి టీకా పడితే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మా వీధిలో ఉన్నవి నాలుగు. మనవల్ల కాని పనేం కాదు.

ఇందులో కష్టం పట్టుకోవడంలోనే ఉంది. పిల్లలు పాలు మానేదాకా ఆగాం. తర్వాత ఎనిమిది రోజులు ఒకే చోట, ఒకే వేళకి, ఉడికించిన గుడ్డు పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తే బెదిరిపోయేది. పక్కకి తిరిగి, చెయ్యి నేలమీద పెట్టి ఊరుకుంటే అదే వచ్చి వాసన చూసేది. తొమ్మిదో రోజు ఎదురింటాయన మెల్లగా తువ్వాలు కప్పి ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టారు. దారి పొడుగునా నాలీ, నాలీ అంటూ ఒడియాలో ఏదో చెబుతూనే ఉన్నారు. ఆపరేషన్ మత్తులో ఉండగానే గుర్తు కోసం చెవి కొస కొంచెం కత్తిరించారు. కుట్లు మానేదాకా మా వసారాలోనే ఉంచుకున్నాం.

ఇప్పుడు సైకిళ్ల జోలికి పోవడం లేదు. రేబిస్ టీకా ఏడాదికోసారి వేయించాలి కాబట్టి ఆ తేదీ మా క్యాలెండర్లోనూ ఉంది, మామ్మ క్యాలెండర్లోనూ ఉంది. నాలుగు రోజుల కిందట వంతెన వైపు నుంచి ఒక నల్ల కుక్క వచ్చింది. చెవి ఇంకా నిండుగానే ఉంది. గుడ్డు తింటోంది గాని, చెయ్యి చాపితే మూడడుగులు వెనక్కి వెళ్తోంది.