బూడిద ఇటుక: గోడకి మంచిదే, ఊపిరితిత్తులకి కాదు

పరవాడ దగ్గరి సింహాద్రి లాంటి థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలిన బూడిదే ఈ ఇటుకకి ముడిసరుకు. విశాఖలో లోపలి గోడలకైనా బయటి గోడలకైనా నిస్సందేహంగా వాడొచ్చు. కాకపోతే ఇటుకలు పోసే యార్డు చూసుకుని కొనాలి. నా రేటింగ్ 5కి 3.5.

230×110×70 మి.మీ. ఇటుక సుమారు 3 కిలోలు తూగుతుంది. కొలత తేడా రాదు కాబట్టి ప్లాస్టింగ్‌లో సిమెంటు కలిసొస్తుంది.

దీన్ని బట్టీలో కాల్చరు. బూడిదలోని గాజులాంటి సిలికా, సున్నం, నీరు కలిసి మెల్లగా గట్టిపడతాయి. మామూలు పాళ్లు: బూడిద 55-60 శాతం, క్రషర్ డస్ట్ (రాతి పొడి) 25-30, సున్నం 10 పైన, కాస్త జిప్సం. ఈ చర్య సాగాలంటే తడి ఆరకూడదు. కనీసం 14 రోజులు నీళ్లు కొట్టాలి. గిరాకీ ఉంటే అయిదో రోజే లారీ ఎక్కించేస్తారు, కొంప మునిగేది అక్కడే. పచ్చి ఇటుక గోడలోకెళ్లాక కుదించుకుంటుంది, ప్లాస్టింగ్ మీద మెట్లు మెట్లుగా పగుళ్లు తేలతాయి. తప్పు మేస్త్రి మీదికి పోతుంది.

లోడు వాడకముందే నాలుగైదు ఇటుకలు పూర్తిగా ఆరబెట్టి తూచండి. 24 గంటలు నీళ్లలో ఉంచి, తుడిచి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 600 గ్రాములు మించి తాగితే వెనక్కి పంపేయండి. ఈ ఇటుకలకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 12894 మామూలు తరగతులకి పెట్టిన హద్దు 20 శాతమే. విరిచి చూస్తే తెల్లటి సున్నపు గడ్డలు కనబడ్డా వద్దు, అవి తర్వాత ఉబ్బి పొక్కులు లేపుతాయి. మరీ నల్లగా ఉంటే కాలని బొగ్గు ఎక్కువుందేమో అడగండి.

ఇక విషం సంగతి. కొలిమిలో ఆవిరైన ఆర్సెనిక్, కాడ్మియం లాంటివి పొగ చల్లారేటప్పుడు బూడిద రేణువుల మీద పేరుకుంటాయి. రేణువు ఎంత సన్ననైతే దాని బరువుతో పోలిస్తే ఈ లోహాలు అంత ఎక్కువ పడతాయి, అది ఊపిరితిత్తుల్లోకి అంత లోతుకి పోతుంది. బూడిదని, దాన్ని నానబెట్టిన నీటిని జీవకణాల మీద పరీక్షిస్తే డీఎన్‌ఏ పోగులు తెగినట్టు కామెట్ పరీక్షలో కనబడిన సందర్భాలున్నాయి. గట్టిపడిన ఇటుకలో ఈ లోహాలు చాలావరకు కదలకుండా ఉంటాయి. ఇంట్లో కాపురముండేవాళ్లకి బెంగ అక్కర్లేదు. ప్రమాదమంతా బస్తాలు విప్పే యార్డు కూలీకి, కరెంటు పైపుల కోసం గోడకి గాడి కొట్టే కుర్రాడికి. పొడి కటింగ్ వద్దు, బ్లేడు మీద నీళ్లు పడుతుండాలి. ముక్కుకి తువ్వాలు చుడితే ఈ దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. కింద పడ్డ పొడిని చీపురుతో లేపకుండా తడిపి ఎత్తించండి.