పెన్సిల్ సెల్స్ కెమెరానా, జేబులో పట్టే కెమెరానా? కెనాన్ ఏ1200, సోనీ డబ్ల్యూ800 ఏళ్ల తరబడి వాడాక

ఇన్‌స్టాలో పాత డిజిటల్ కెమెరాల మోజు మొదలయ్యాక మా బంధువుల పిల్లలు నన్ను అడిగేది ఒకటే: "బాబాయ్, తక్కువలో ఏది కొనమంటావు?" అడగడానికి కారణం ఉంది. అలాంటివి మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి కెనాన్ పవర్‌షాట్ ఏ1200, 2011లో వచ్చిన మోడల్. నేను కొన్నది. రెండోది సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ800, 2014 నాటిది. ఇది మా చెల్లెలిది. ఫోన్‌లో మంచి కెమెరా వచ్చాక దీన్ని మా ఇంట్లో వదిలేసింది. అప్పటి నుంచి ఏది చేతికి దొరికితే అది పట్టుకెళ్లడం అలవాటైంది. రెండూ ఇప్పటికీ పనిచేస్తున్నాయి, రిపేరు షాపు గడప తొక్కలేదు. కాబట్టి ఇది పెట్టె విప్పిన రోజు రాసే మురిపెం సమీక్ష కాదు.

కాగితం మీద చూస్తే సోనీదే పైచేయిలా ఉంటుంది. 20.1 మెగాపిక్సెల్స్, 5 రెట్ల జూమ్, బ్యాటరీతో కలిపి సుమారు 125 గ్రాములు. కెనాన్‌కి 12.1 మెగాపిక్సెల్స్, 4 రెట్ల జూమ్, సెల్స్ వేశాక దాదాపు 185 గ్రాములు. రెండింటి తెరా 2.7 అంగుళాలే. వీడియో రెండింట్లోనూ 720పీ దగ్గరే ఆగిపోతుంది. వైఫై రెండింట్లోనూ లేదు. షాపువాడు 20 అంకె చూపించి సోనీ అంటగట్టడం తేలిక.

ఆ అంకె సంగతి ముందు తేల్చేద్దాం. రెండింట్లోనూ ఉన్నది 1/2.3 అంగుళాల సీసీడీ సెన్సారే. సెన్సార్ అంటే వెలుతురుని బొమ్మగా పట్టే చిప్, సీసీడీ అనేది అందులో పాత రకం. 1/2.3 అంగుళాలన్నది పేరుకే, అసలు కొలత సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. అంతే జాగాలో ఒకరు 12 మిలియన్ల చుక్కలు పెట్టారు, ఇంకొకరు 20 మిలియన్లు ఇరికించారు. జాగా పెరగలేదు కనుక ఒక్కో చుక్కకి అందే వెలుతురు తగ్గింది. ఎండలో తీసిన ఫొటోని కంప్యూటర్‌లో పూర్తి సైజులో చూస్తే సోనీలో చెట్టు ఆకులు కాస్త అలికినట్టు, నీటిరంగులతో వేసినట్టు కనిపిస్తాయి. కెనాన్‌లో ఆకు ఆకుగానే ఉంటుంది, కాకపోతే బొమ్మ చిన్నది. ఇక ప్రింటు మాటకొస్తే, 4×6 సైజుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800×1200 సరిపోతుంది. అంటే 2 మెగాపిక్సెల్స్ పైచిలుకు. 8×12 వేయించినా 9 లోపే. ఫ్లెక్సీ కొట్టించే ఉద్దేశం ఉంటే తప్ప 20 కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. నిజానికి ఫ్లెక్సీకీ అక్కర్లేదు, దాన్ని దూరం నుంచే కదా చూసేది.

నా మటుకు తేడా అంతా రెండు చోట్ల తేలింది: కరెంటు దగ్గర, కంటి దగ్గర.

కరెంటు ముందు. ఏ1200కి రెండు పెన్సిల్ సెల్స్ వేయాలి. డబ్ల్యూ800కి ఎన్‌పీ-బీఎన్ అనే పల్చటి లిథియం బ్యాటరీ. కొన్న కొత్తలో అందరూ సోనీనే మెచ్చుకున్నారు. "ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు, సెల్స్ గోల లేదు" అన్నారు. ఏళ్లు గడిచాక లెక్క తిరగబడింది. ఆ చిన్న బ్యాటరీలో పట్టే శక్తి 2.2 వాట్ అవర్లు. పానసోనిక్ ఎనెలూప్ లాంటి రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ ఒక్కోటి 1.2 వోల్టులు, సుమారు 2000 ఎంఏహెచ్. రెండూ కలిపితే 4.8 వాట్ అవర్లు, రెట్టింపుకి పైమాటే. కంపెనీలు చెప్పే సంఖ్యలు కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి: సోనీకి ఒక ఛార్జింగ్‌కి 200 ఫొటోలు, కెనాన్‌కి రీఛార్జబుల్ సెల్స్‌తో 500, మామూలు ఆల్కలైన్ సెల్స్‌తో 200. ఇవి కెమెరా కంపెనీల సంఘం సీపా పెట్టిన పద్ధతిలో కొలిచినవి. అందులో సగం ఫొటోలకి ఫ్లాష్ కొడతారు. పగటిపూట ఫ్లాష్ లేకుండా తీస్తే ఇంకాస్త ఎక్కువే వస్తాయి.

అసలు సంగతి ఫొటోల సంఖ్య కూడా కాదు. లిథియం బ్యాటరీ ఏ కంపెనీదైనా వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది. డబ్ల్యూ800కి మారు బ్యాటరీ కోసం మా ఊళ్లో ఒక షాపుకి వెళ్తే అచ్చం ఒరిజినల్‌లా ఉన్నది ఇచ్చాడు. దాని మీద ఎంఏహెచ్ అంకె అసలుదాని కన్నా పెద్దగా అచ్చేసి ఉంది. అదే సైజు డబ్బాలో అంత పెద్ద అంకె ఎలా పడుతుందని అడిగితే "కొత్త టెక్నాలజీ సార్" అన్నాడు. ఓ పెళ్లికి పట్టుకెళ్తే తాళి కట్టేదాకా కూడా ఆగలేదు. జీలకర్ర బెల్లం దగ్గరే చేతులెత్తేసింది. అదే ఏ1200 అయితే ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా ఆల్కలైన్ సెల్స్ రెండు కొనుక్కుని పని నడిపించేయొచ్చు.

ఇక్కడో జాగ్రత్త. కిరాణా కొట్లో "పెన్సిల్ సెల్స్" అంటే గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి వేసే చవకరకం జింక్ కార్బన్ సెల్స్ చేతిలో పెడతారు. అవి వేస్తే కెమెరా ఆన్ అవుతుంది, లెన్స్ బయటికి వస్తుంది, బ్యాటరీ మార్చమని తెర మీద రాసి ముడుచుకుంటుంది. సెల్ పాడై కాదు. లెన్స్ మోటారు, ఫ్లాష్ ఒక్కసారిగా లాగే కరెంటు ఆ రకం సెల్స్ ఇవ్వలేవు. పట్టీ మీద ఆల్కలైన్ అని ఉందో లేదో చూసి కొనాలి. ఇంకోటి, కెమెరా బీరువాలో పెట్టేటప్పుడు సెల్స్ తీసేయాలి. ఆల్కలైన్ సెల్ కారితే లోపలి రేకులకి తెల్లటి పొడి పట్టి తుప్పు పడుతుంది.

డబ్ల్యూ800కి ఇంకో చిక్కుంది. బ్యాటరీని కెమెరాలో ఉంచే ఛార్జింగ్ పెట్టాలి, పెట్టెలో విడి ఛార్జర్ రాదు. ఒక బ్యాటరీ ఛార్జ్ అవుతుండగా ఇంకోదాంతో తీద్దామంటే కుదరదు, విడి ఛార్జర్ కొనుక్కోవాలి. 2015 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్లినప్పుడు బంధువుల ఇంట్లో ఉన్న ఒక్క ప్లగ్గు దగ్గర ఫోన్లే బారులు తీరి ఉన్నాయి. కెమెరాకి చోటెవరిస్తారు? ఆ రద్దీలో జేబులో ఇంకో జత సెల్స్ ఉన్నవాడే రాజు. వచ్చే గోదావరి పుష్కరాలు 2027లో. ఏ1200ని అప్పటిదాకా కాపాడుకోవాలనే ఉంది.

ఇక కంటి సంగతి. ఏ1200కి తెర పైన చిన్న గాజు కిటికీ ఉంది, ఆప్టికల్ వ్యూఫైండర్. ఈ ధరలో దాన్ని పెట్టడం అప్పటికే దాదాపు మానేశారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం లేపాక్షి నంది ముందు నిలబడి డబ్ల్యూ800 తెర చూస్తే అందులో కనబడేది మన ముఖమే. నంది ఫ్రేములో ఉందో, తోక తెగిందో తెలియదు. అరచెయ్యి అడ్డుపెట్టి అంచనాగా నొక్కాలి. ఏ1200 అయితే కంటికి ఆనించుకుంటే సరి. తెర ఆపేసి కిటికీలోంచే తీస్తే సెల్స్ కూడా ఆదా. కొడాక్ కేబీ10 రీలు కెమెరా రోజుల మనిషి మా నాన్నగారు. తెర చూస్తూ చేతులు చాచి తీయడం ఆయనకి ఎప్పటికీ పట్టుబడలేదు. ఏ1200 ఇస్తే ఏమీ అడక్కుండా కన్ను ఆనించి తీసేశారు. మోచేతులు ఒంటికి ఆనుతాయి కాబట్టి చెయ్యి వణుకు కూడా తగ్గుతుంది.

ఆ కిటికీ మరీ అంత గొప్పదేం కాదు. చిన్నది, కళ్లజోడు ఉన్నవాళ్లకి అంచులు కనిపించవు. అందులో కనబడే దాని కన్నా ఫొటోలో కొంచెం ఎక్కువే పడుతుంది. దగ్గర్నుంచి తీస్తే గురి పక్కకి పోతుంది, ఎందుకంటే కిటికీ వేరు, లెన్స్ వేరు. ముగ్గు మీది గొబ్బెమ్మనో పువ్వునో తీయాలంటే తెరే గతి. దగ్గరి ఫొటోల్లో కూడా ఏ1200దే కొంచెం పైచేయి: మాక్రోలో వస్తువుకి 3 సెంటీమీటర్ల దాకా వెళ్లొచ్చు, డబ్ల్యూ800కి 5 కావాలి.

రంగుల విషయంలో సీసీడీ మీద ఇప్పుడు చాలా కథలు నడుస్తున్నాయి. సీసీడీ అయినంత మాత్రాన రంగులకి మహత్తు రాదు. ఆ రంగులు కంపెనీ లోపల పెట్టిన ప్రాసెసింగ్ పుణ్యం. ఒక్కటి మాత్రం నిజం, ఫోన్‌లా నీడల్ని బలవంతంగా వెలిగించదు. నీడ నీడగా, ఎండ ఎండగా ఉంటుంది. చర్మం రంగు కెనాన్‌లో వెచ్చగా, సోనీలో కొంచెం చల్లగా వస్తుందని నా కంటికి అనిపిస్తుంది. ఎర్ర పట్టుచీర దగ్గర రెండూ తడబడతాయి. మా అమ్మ చీర కుచ్చిళ్ల మడతలన్నీ కలిసిపోయి ఒకే ఎర్ర ముద్దలా వచ్చేవి. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫొటో ఎంత వెలుగ్గా రావాలన్న సెట్టింగుని, రెండు మెట్లు కిందికి, మైనస్ 2/3కి దించితే మడతలు, జరీ అంచు విడివిడిగా తేలాయి. ఈ సర్దుబాటు రెండు కెమెరాల్లోనూ ఉంది. మెనూలో ముందుగా నేర్చుకోవాల్సింది ఇదే.

చీకట్లో రెండూ ఫోన్ ముందు నిలబడవు. ఫోన్ ఒక్క నొక్కుకి ఎన్నో ఫ్రేములు తీసి కలుపుతుంది, వీటికి ఆ విద్య లేదు. జూమ్ చేయనప్పుడు కెనాన్ లెన్స్ ఎఫ్/2.8, సోనీది ఎఫ్/3.2. ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. జూమ్ చివరికి వెళ్తే ఎఫ్/5.9, ఎఫ్/6.4. పైగా చేతి కదలికని లెన్స్‌లోనే సరిచేసే ఆప్టికల్ స్టెబిలైజేషన్ రెండింట్లోనూ లేదు. కల్యాణ మండపంలో వెనక వరసలో కూర్చుని జూమ్ చేస్తే పెళ్లికూతురు మసకే. లేచి ముందుకు నడవండి, జూమ్ వెనక్కి లాగండి.

అయితే వీటిలో ఉన్న జెనాన్ ఫ్లాష్‌కి ఫోన్‌లోని ఎల్‌ఈడీ సాటి రాదు. సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు వెలిగి ఆరిపోతుంది. బరాత్‌లో తీన్మార్ డప్పుకి ఎగిరే పిల్లలు గాల్లో జుట్టుతో సహా ఆగిపోతారు. పిల్లలు ఇప్పుడు ఇన్‌స్టాలో ఎగబడేది ఈ ఫ్లాష్ ఫొటోల కోసమే, సీసీడీ కోసం కాదని నా నమ్మకం. మూడు నాలుగు మీటర్ల దాకా పనికొస్తుంది, ఆపైన ఆశ వదులుకోవాలి. ఏ1200లో ఒకసారి కొట్టాక మళ్లీ సిద్ధమవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అంతసేపూ తెర నల్లగా ఉంటుంది. డబ్ల్యూ800 ఇందులో చురుకు.

సోనీకి నేను మనసారా మార్కులేసేది రెండింటికి. ఒకటి సైజు. రెండు సెంటీమీటర్ల పైచిలుకు మందం, చొక్కా జేబులో వేసుకుని మర్చిపోవచ్చు. మూడు సెంటీమీటర్ల ఏ1200 జేబులో ఉంటే నలుగురికీ తెలుస్తుంది. కెమెరా ఇంట్లో ఉంటే ఫొటో ఎక్కడొస్తుంది? రెండోది స్వీప్ పనోరమా. గండికోట లోయ అంచున నిలబడి, పెన్నా మలుపుని ఎడమ నుంచి కుడికి తిప్పుతూ తీస్తే కెమెరాయే అతికి ఇస్తుంది. ఏ1200లో అంత తేలిగ్గా అవదు.

వీడియో గురించి ఎక్కువ చెప్పను. ఫోన్ వాడండి. సీసీడీ కెమెరాల్లో ఫోకస్ లైటు ఫ్రేములో పడితే పైనుంచి కిందికి ఊదారంగు గీత వస్తుంది. అది చెడిపోవడం కాదు, ఆ సెన్సార్ తీరే అంత.

ఇప్పుడు ఏ1200 చేతులు మారినదే దొరుకుతుంది, డబ్ల్యూ800 కూడా చాలావరకు అంతే. అమ్మేవాడి దగ్గరికి మీ కార్డు, మీ సెల్స్ తీసుకెళ్లండి. సెల్స్ గది తలుపు తెరిచి స్ప్రింగుల దగ్గర ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడండి, తలుపు గొళ్లెం గట్టిగా పడుతోందో లేదో చూడండి. జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగైదుసార్లు నడిపి చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఇసుక పడ్డ లెన్స్ కరకరమంటుంది, బీచ్‌కి వెళ్లొచ్చిన కెమెరాల్లో ఇది మామూలే. తెల్లగోడని ఒకటి, లెన్స్‌కి చెయ్యి అడ్డుపెట్టి నల్లగా ఒకటి తీసి కార్డుని ఫోన్‌లో పెట్టి పెద్దది చేసి చూస్తే మరకలూ చచ్చిన చుక్కలూ బయటపడతాయి. ఫ్లాష్ కొట్టించకుండా డబ్బులివ్వకండి.

మా మేనకోడలికి డబ్ల్యూ800 కొనమన్నాను, ఎందుకంటే కాలేజీ బ్యాగులో తిరగాలి, రాత్రి హాస్టల్లో ప్లగ్గు ఉంటుంది. ఊళ్లు తిరిగేవాళ్లు, ఎండలో గుళ్లూ కోటలూ తీసేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల కోసం చూసేవాళ్లు అడిగితే ఏ1200 అంటాను. ఏది కొన్నా బేరం ఆడేటప్పుడు 32 జీబీ కార్డు, ఫోన్‌కి తగిలించే కార్డ్ రీడర్ ధర కూడా కలుపుకోండి. ఏ1200 అయితే నాలుగు రీఛార్జబుల్ సెల్స్, వాటి ఛార్జర్. డబ్ల్యూ800 అయితే బిల్లుతో కొన్న ఒరిజినల్ బ్యాటరీ. అవన్నీ కలిపాక మొత్తం కొత్త ఫోన్ ధరలో సగం దాటుతుంటే ఆ బేరం వదిలేయండి, ఇంకో నెలలో ఇంకోటి దొరుకుతుంది.