పెంపుడు జంతువుల ఫౌంటెన్ కిట్ పేరుతో కూలరు మోటారు అంటగడుతున్నారు, జాగ్రత్త

పిల్లులకు, కుక్కలకు ఇంట్లోనే నీటి ఫౌంటెన్ తయారు చేసుకుందామని ఆన్‌లైన్‌లో కిట్ల కోసం వెతుకుతున్నవారు ఆర్డరు పెట్టే ముందు ఒక్క విషయం తప్పక చూసుకోవాలి: అందులో ఇచ్చే మోటారు ఎన్ని వోల్టులతో పనిచేస్తుంది? 230 వోల్టులని ఉన్నా, ఆ అంకె ఎక్కడా లేకుండా ఫొటోలో తీగ చివర రెండు పిన్నుల ప్లగ్గు మాత్రమే కనిపిస్తున్నా ఆ కిట్‌ను కొనవద్దు. ఈ వేసవిలో నేను కొన్నది అటువంటి కిట్టే.

అమ్మకపు పేజీలో పెంపుడు జంతువులకు పూర్తిగా సురక్షితమని, మోటారు ఐపీ68 రకమని (అంటే నీటిలో మునిగినా లోపలికి నీరు చేరనిదని), పైపు ఫుడ్ గ్రేడ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పెట్టె తెరిస్తే వచ్చినవి 18 వాట్ల చిన్న మోటారు, ఘాటైన ప్లాస్టిక్ వాసన కొట్టే పైపు ముక్క, ఒక స్పాంజి, పువ్వు ఆకారంలో ఉన్న మూత. మోటారు మీది పిల్లి బొమ్మ స్టిక్కరును గోటితో లేపగానే దాని కింద అసలు లేబులు బయటపడింది: 230 వోల్టులు, 18 వాట్లు, నీటిని ఎక్కించే గరిష్ఠ ఎత్తు 1.85 మీటర్లు. ఎయిర్ కూలర్ల తొట్టెలో అడుగున పెట్టే మోటారు అది. తయారీదారు పేరు గానీ, దిగుమతిదారు చిరునామా గానీ, ఏ దేశంలో తయారైందన్న మాట గానీ పెట్టె మీద ఎక్కడా లేవు.

స్టీలు గిన్నెలో అమర్చి స్విచ్ వేశాక, అంతసేపూ పక్కనే కూర్చుని నీటి ధారను ఆసక్తిగా చూస్తున్న మా కుక్క నీటికి నాలుక తగలగానే అరిచి వెనక్కి గెంతింది. శబ్దానికి బెదిరితే ముందే బెదిరేది. టెస్టరు పెట్టి చూస్తే వెలిగింది. టెస్టరు వెలగడం ఒక్కటే రుజువు కాదు, లీకేజీ లేని మోటారు దగ్గర కూడా అది మసకగా వెలగవచ్చు. అందువల్ల ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మెగ్గరుతో, అంటే కరెంటు బయటకు రాకుండా ఆపే ఇన్సులేషన్‌ను పరీక్షించే పరికరంతో, పరీక్ష చేయించాను. ఇన్సులేషన్ నిలవలేదు. తీగ మోటారు లోపలికి వెళ్లే చోట ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పూత విడిచి, నీరు లోపలికి చేరినట్లు తేలింది.

ఈ రకం మోటార్లలో నీటిలో తిరిగేది అయస్కాంతం, దానికి బిగించిన చిన్న ఫ్యాను మాత్రమే. రాగి తీగ చుట్టలు ఎపాక్సీలో కప్పబడి ఉంటాయి కాబట్టి, 230 వోల్టులకూ గిన్నెలోని నీటికీ మధ్య అడ్డు ఆ పూత ఒక్కటే. పూత పలుచగా పోసినా, తీగ లాగడం వల్ల అంచున చీలిక వచ్చినా కరెంటు నీటిలోకి దిగుతుంది. కూలరుకు చేయి తగిలి షాక్ కొట్టిన వార్తలు ప్రతి వేసవిలోనూ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మోటారు తిరుగుతుండగా కూలరు తొట్టెలో మూతి పెట్టి తాగేవారు ఎవరూ లేకపోయినా పరిస్థితి అది. ఫౌంటెన్‌లో మాత్రం జంతువు తడి నాలుకను నేరుగా ఆ నీటిలోనే ముంచుతుంది, నాలుగు పాదాలూ చెప్పులు లేకుండా నేల మీదే ఉంటాయి, అంటే కరెంటు పోవడానికి దారి సిద్ధంగా ఉన్నట్లే. నీటి తొట్టెలోకి కొద్దిపాటి వోల్టేజీ చేరినా పాడి పశువులు నీళ్లు తాగకుండా వెనక్కి తగ్గుతాయని పశువుల పెంపకంలో ఉన్నవారికి బాగా తెలుసు. కాబట్టి మీ పిల్లి కొత్త ఫౌంటెన్ దగ్గరికి వెళ్లి వెళ్లి వెనుదిరుగుతుంటే, అలవాటు పడుతుందిలే అని వదిలేయకుండా ముందు ప్లగ్గు తీసి పరీక్ష చేయించండి.

ఇంట్లో ఎంసీబీ (మెయిన్ బోర్డులోని రక్షణ స్విచ్) ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఎంసీబీ ఓవర్‌లోడ్‌కు, షార్ట్ సర్క్యూట్‌కు పడిపోతుందే తప్ప ప్రాణి శరీరం గుండా పోయే కొద్దిపాటి కరెంటును గుర్తించదు. ఆ పని చేసేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే లీకేజీ రక్షణ స్విచ్. పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అది ఉండదు, ఉన్నా లీకేజీ మరీ తక్కువైతే ట్రిప్ కాదు. మా ఇంట్లో ఉంది, ట్రిప్ కాలేదు. ఇక రెండు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ అనేదే లేదు.

ఐపీ68 గురించి కూడా ఒక మాట చెప్పాలి. అందులోని 8 అంకెకు అర్థం, తయారీదారు పేర్కొన్న లోతులో, పేర్కొన్న షరతులకు లోబడి నీటిలో మునిగి ఉండవచ్చని. తయారీదారు ఎవరో తెలియని వస్తువు మీద ఆ అంకెకు విలువ ఏమిటో అమ్మినవారే చెప్పాలి.

షాక్ సంగతి పక్కన పెట్టినా 18 వాట్ల మోటారు ఈ పనికి తగదు. అది తీసుకునే విద్యుత్తు దాదాపు అంతా చివరకు నీటిలో వేడిగా మారుతుంది. గిన్నెలో 3 లీటర్ల నీరు ఉండి, వేడి బయటకు పోకపోతే గంటకు సుమారు 5 డిగ్రీలు పెరుగుతుంది. కొంత ఆవిరై చల్లబడుతుంది నిజమే, కానీ విజయవాడ మే నెలలో ఆ లెక్క మీద ఆధారపడలేం. పిల్లి గిన్నెకు నీరు ఒక జానెడు ఎత్తు లేస్తే చాలు, అందుకు ఒకటి రెండు వాట్ల యూఎస్‌బీ మోటారు సరిపోతుంది.

సొంతంగా ఫౌంటెన్ చేసుకోవాలనుకునేవారు 5 వోల్టుల యూఎస్‌బీ లేదా 12 వోల్టుల డీసీ, అదీ బ్రష్‌లెస్ (లోపల రాసుకుని అరిగే బ్రష్ ముక్కలు లేనిది) అని స్పష్టంగా రాసి ఉన్న మోటారునే తీసుకోవాలి. బడిపిల్లల సైన్స్ ప్రాజెక్టుల కోసం అమ్మే 3 నుంచి 6 వోల్టుల చౌక మోటార్లలో బ్రష్‌లు ఉంటాయి, అవి రోజంతా తిరగడానికి తయారైనవి కావు. అడాప్టరు విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి, ఎందుకంటే నాసిరకం అడాప్టరు లోపల చెడితే 230 వోల్టులు 5 వోల్టుల తీగలోకే వచ్చే ప్రమాదం ఉంది. దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అసలుదో కాదో తెలుస్తుంది. అడాప్టరు నీటికి దూరంగా, గిన్నె కంటే ఎత్తులో ఉండాలి, తీగ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు తీగ వెంట జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైపుకు వాసన లేని ఫుడ్ గ్రేడ్ సిలికాన్, గిన్నెకు స్టీలు మేలు.

అమ్మినవారి తీరు ఊహించినట్లే ఉంది. మొదట మోటారును ఎండలో ఆరబెట్టి మళ్లీ వాడమన్నారు, తరువాత రివ్యూ తీసేస్తే డబ్బు వాపసు ఇస్తామన్నారు. నేను తీయలేదు. ఇదే కిట్ మీకూ వచ్చి ఉంటే ఆ అమ్మకపు పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే అది మాయమైపోవచ్చు; బిల్లు, పెట్టె, స్టిక్కరు కింది లేబులు ఫొటోలు కూడా అవసరమవుతాయి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదికకు చెందిన ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తయారైన దేశం పేరు, దిగుమతిదారు చిరునామా లేకుండా ప్యాకెట్టు అమ్మడం తూనికలు కొలతల శాఖ పరిధిలోకి వస్తుంది కాబట్టి, ఆ విషయాన్ని విడిగా వారి దృష్టికి తేవచ్చు.

ఫిర్యాదు తేలేవరకు మోటారును దాచి ఉంచండి. ఆ తరువాత దాన్ని పాత సామాను వాడికి పనిచేసే మోటారుగా ఇవ్వకుండా, తీగను మోటారు దగ్గరే కత్తిరించి ఈ-వ్యర్థాల సేకరణలో వేయండి.