పాత ఓడల సినిమా మొదటిసారి చూసేవాళ్లకి ఏది మేలు: కెప్టెన్ బ్లడ్? మ్యూటినీ ఆన్ ద బౌంటీ?

తెరచాప ఓడలు, ఫిరంగులు, కత్తియుద్ధాలు ఉన్న పాత హాలీవుడ్ సినిమా ఒక్కటైనా చూడాలని ఉందా? అయితే ఈ రెండిట్లో ఒకదానితో మొదలుపెట్టండి. రెండూ 1935లోనే వచ్చాయి, రెండూ బ్లాక్ అండ్ వైట్, ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి రెండూ పోటీపడితే గెలిచింది బౌంటీ. అయినా మొదటి సినిమాగా నా ఓటు కెప్టెన్ బ్లడ్‌కే.

అందులో ఓడ అంటే విడుదల. పీటర్ బ్లడ్ ఒక డాక్టరు, 1685లో ఇంగ్లండ్ రాజు మీద తిరగబడ్డవాళ్లలో గాయపడ్డ ఒకడికి వైద్యం చేసిన పాపానికి రాజద్రోహి అనిపించుకుని జమైకాలో బానిసగా వేలానికి వస్తాడు. పది పౌండ్లకి అతన్ని కొనేది అరబెల్లా. ఆ వేషం వేసిన ఒలీవియా డి హావిలాండ్‌కి అప్పటికి 19 ఏళ్లే, బ్లడ్‌గా చేసిన ఎరాల్ ఫ్లిన్ కూడా జనానికి పెద్దగా తెలియనివాడే, కానీ ఇద్దరూ ఎదురుపడితే చాలు తెర మీంచి కళ్లు తిప్పుకోలేం. ఓడ అతని చేతికి రావడానికి దాదాపు సగం సినిమా పడుతుంది. కొంతమందికి అది సాగదీతగా అనిపిస్తుంది, నాకైతే అదే ఈ సినిమా బలం. స్పెయిన్ దొంగలు ఊరిమీద పడి దోచుకుంటూ తాగుతూ ఒడ్డున ఉంటే, ఈ బానిసలు చడీచప్పుడు లేకుండా వాళ్ల ఓడే ఎక్కేస్తారు, అప్పటిదాకా వాళ్లు పడ్డ కష్టమంతా మనం చూసి ఉన్నాం కాబట్టి తెరచాప విప్పుకునే సమయానికి మనకీ ప్రాణం లేచొస్తుంది.

ఇంక ఇసుక ఒడ్డున రాళ్ల మధ్య ఫ్లిన్‌కీ, ఫ్రెంచ్ ఓడదొంగగా చేసిన బాసిల్ రాత్‌బోన్‌కీ జరిగే కత్తియుద్ధం చూడండి. రాత్‌బోన్ నిజంగానే కత్తి తిప్పడంలో ఆరితేరినవాడు, అది అతని కాళ్ల కదలికలోనే తెలిసిపోతుంది. ఓడల పోరాటాల్లో చాలా భాగం బొమ్మ ఓడలతో తీసిందే, కొన్ని షాట్లు 1924 నాటి మూకీ సినిమా నుంచి తెచ్చి కలిపినవి, కాస్త గమనిస్తే దొరికిపోతాయి. కానీ కోర్న్‌గోల్డ్ సంగీతం మొదలయ్యాక అవి పట్టించుకోబుద్ధి కాదు. సౌండ్ కొంచెం పెంచుకునే చూడండి.

బౌంటీలో ఓడ అంటే జైలు. మొదట్లోనే శిక్ష పూర్తికాకుండా ఒకడు చనిపోతే, మిగిలిన కొరడా దెబ్బలు శవానికైనా కొట్టాల్సిందే అంటాడు కెప్టెన్ బ్లై. చార్లెస్ లాటన్ ఆ మాట అరవకుండా, అది మామూలు ఆఫీసు పనే అన్నట్టు చెప్పే తీరుకి ఒళ్లు జలదరిస్తుంది. నటన వరకూ చూస్తే రెండిట్లో ఇదే గొప్ప సినిమా, అందులో నాకు సందేహం లేదు. లాటన్‌తోపాటు క్లార్క్ గేబుల్, ఫ్రాంషో టోన్ కూడా ఉత్తమ నటుడి పోటీలో నిలబడ్డారు. ఓడ సిబ్బంది తిరగబడి బ్లైని పడవలో వదిలేసే ఘట్టం దగ్గర సినిమా ఇంకో మెట్టు పైకెక్కుతుంది: అప్పటిదాకా మనం అసహ్యించుకున్న మనిషే తనవాళ్లని బతికించి ఒడ్డు చేర్చే నావికుడిగా కనిపిస్తాడు. చరిత్రలోనూ అది జరిగిందే, 1789లో 23 అడుగుల పడవలో బ్లైతో కలిపి 19 మంది ఆగ్నేయాసియాలోని తిమోర్ దీవి వైపు సాగారు. కానీ తిరుగుబాటుదారులని వెతుకుతూ బ్లై మళ్లీ పసిఫిక్‌లోని తాహితీ దీవికి వెళ్లడం మాత్రం కల్పన, నిజంగా పండోరా ఓడ మీద వెళ్లింది ఎడ్వర్డ్స్ అనే కెప్టెన్.

ఇంత బరువున్న సినిమాని మొదట చూస్తే ఓడల సినిమాలంటే కొరడా దెబ్బలే అనే ముద్ర పడిపోయే ప్రమాదం ఉంది. సముద్రం మీద ముందు మోజు పుట్టాలి, ఆ పని బ్లడ్ చేస్తుంది. మీకు సాహసం కంటే మనుషుల మధ్య టెన్షన్ ముఖ్యమనుకుంటే మాత్రం నా మాట పక్కనపెట్టి నేరుగా బౌంటీకే వెళ్లండి. 1962లో మార్లన్ బ్రాండోతో రంగుల్లో తీసిన బౌంటీ కూడా ఉంది, చూడ్డానికి కన్నుల పండగే గానీ దాదాపు మూడు గంటలు, పాతది చూశాకే దాని జోలికి వెళ్లండి. బ్లడ్ నచ్చితే అదే దర్శకుడు మైకేల్ కర్టిజ్, అదే ఫ్లిన్, అదే కోర్న్‌గోల్డ్ కలిసి 1940లో చేసిన ద సీ హాక్ వెంటనే చూసేయొచ్చు.