పాస్తా పక్కన పచ్చ చుక్క ఉందని నమ్మకండి, గుడ్డు తిననివాళ్లు జాగ్రత్త

హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఈమధ్యే తెరిచిన ఓ ఇటాలియన్ పాస్తా రెస్టారెంట్‌కి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్దామనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే వెళ్లండి. పేరు రాయడం లేదు. ఇలాంటివి సిటీ అంతా తెరుస్తున్నారు కాబట్టి ఎక్కడికెళ్లినా ఇవే ప్రశ్నలు అడగాలి.

మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు, కేకు కొన్నా ఎగ్‌లెస్సేనా అని అడిగి మరీ కొంటాం. ఇక్కడ మెనూలో పుట్టగొడుగుల టాలియాతెల్లే (రిబ్బన్లలా పొడుగ్గా ఉండే పాస్తా) పక్కన పచ్చ చుక్క ఉంది, "ఇక్కడే చేత్తో చేసిన తాజా పాస్తా" అని పెద్దక్షరాల్లో రాశారు. అయినా ఆర్డర్ తీసుకునే అబ్బాయిని "గుడ్డు ఉండదు కదా బాబూ" అని అడిగాను. "ప్యూర్ వెజ్ మేడమ్" అన్నాడు. సగం తిన్నాక మా పాప అద్దాల వెనక పిండి కలిపే చోటికి వెళ్లి చూసొచ్చి "అమ్మా, అక్కడ గుడ్లు కొట్టి పిండిలో పోస్తున్నారు" అంది. మేనేజర్ని పిలిస్తే ఆయన చెప్పిన సమాధానం, సాస్ వెజ్జే కదా మేడమ్, పిండిలో మాత్రమే గుడ్డు వేస్తాం అని! అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు, లేచి చేతులు కడుక్కున్నారు, ఆ రాత్రి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

విషయం ఏంటంటే, ప్యాకెట్లలో దొరికే మామూలు ఎండు పాస్తా చాలావరకు డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లతోనే చేస్తారు, అందులో సాధారణంగా గుడ్డు ఉండదు. తాజా పాస్తా అలా కాదు. ఉత్తర ఇటలీలో, బొలోన్యా వైపు పద్ధతిలో టాలియాతెల్లే, లజాన్యా రేకులు, రావియోలీ లాంటివాటికి 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు లెక్కన కలుపుతారు. దక్షిణాన ఒరెకియెట్టే లాంటివి రవ్వ, నీళ్లతోనే చేస్తారు. అంటే "తాజా, చేతి పాస్తా" అని గొప్పగా రాసిన చోటే గుడ్డు ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో గుడ్డు వేసింది నాన్‌వెజ్ కిందకే వస్తుంది, దానికి పచ్చ చుక్క పెట్టడం తప్పు.

ఇంకోటి, చీజ్. అసలైన పార్మిజానో చీజ్ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో (పాలు గడ్డకట్టించే పదార్థం) చేస్తారు, పెస్టో అనే పచ్చ సాస్‌లోనూ మామూలుగా ఆ చీజే పడుతుంది. పట్టింపు ఉన్నవాళ్లు ఏ బ్రాండ్ చీజో, దాని ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉందో లేదో చూపించమనండి. సర్వర్ మాట చాలదు, వంటగదిలోంచి షెఫ్‌నే పిలిపించి పిండి సంగతి, చీజ్ సంగతి అడగండి.

రుచి అంటారా, పాస్తా మెత్తగా ముద్దయిపోయింది, సాస్ నిండా క్రీమే.

బిల్లులో 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేసి, దాని మీద మళ్లీ జీఎస్టీ కూడా వేశారు. తీసేయమంటే సిస్టమ్‌లో దానంతటదే పడుతుంది మేడమ్ అన్నారు. అలా పడకూడదు. 2022 జూలైలోనే కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ సర్వీస్ ఛార్జ్ బిల్లులో దానంతటదే చేర్చకూడదని మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. ఈ మాట గట్టిగా చెప్తే చాలాసేపటికి తీసేశారు గానీ ఆ ప్లేటు డబ్బులు మాత్రం వదల్లేదు, పూర్తిగా కట్టించుకున్నారు.

మీకూ ఇలా జరిగితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. గుడ్డు విషయం మీద నేను ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు పెట్టాను, మెనూ ఫొటో కూడా జతచేశాను. బిల్లు పారేయకండి, దాని మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది, అది దగ్గరుంటే ఫిర్యాదు పెట్టడం తేలిక.