టెంక మొక్కా, అంటు మొక్కా: ఏది మేలు?

తిన్న పండు బాగుంటే ఆ టెంకను మట్టిలో పాతాలనిపించడం సహజం. కానీ స్థలం ఒక్క చెట్టుకే ఉంటే, మామిడి విషయంలో నేను అంటు మొక్కనే వేయమంటాను. అంటు మొక్క అంటే ఒక టెంక మొక్క మొదలు మీద మంచి రకం కొమ్మను అతికించి పెంచినది.

టెంక నుంచి పెరిగిన మామిడి కాపుకు రావడానికి 6 నుంచి 10 ఏళ్లు పట్టొచ్చు. అంటు 3, 4 ఏళ్లకే కాస్తుంది. ఎదురుచూపు సంగతి అలా ఉంచితే, అసలు చిక్కు రుచిది. బంగినపల్లి లాంటి భారతీయ రకాల టెంకలో ఉండేది ఒకే పిండం, అంటే మొలకెత్తే భాగం ఒక్కటే. అది పరాగ సంపర్కంతో ఏర్పడింది కాబట్టి తల్లి చెట్టు పండే మళ్లీ వస్తుందన్న భరోసా లేదు. పదేళ్లు నీళ్లు పోసి పెంచాక పుల్లటి పీచుకాయ చేతికొస్తే ఆ బాధ చెప్పలేం. ఆగ్నేయాసియా రకాలు చాలావరకు వేరు. వాటి టెంక నుంచి ఒకటికి మించి మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ తల్లి పోలికే. అలాంటి రకమని తెలిస్తే టెంక పాతడంలో తప్పులేదు.

అయితే అంటుకు కాపలా కావాలి. అతుకు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి. దాని కిందనుంచి వచ్చే చిగుళ్లను కనబడగానే గిల్లేయాలి. ఒక వేసవిలో నేను పట్టించుకోలేదు. అడుగు మొక్క కొమ్మలే ఏపుగా పెరిగి, కావాలని తెచ్చుకున్న పైకొమ్మ ఎండిపోయింది. ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మొదటి రెండేళ్లు పూత వచ్చినా తుంచేయండి, మొక్క బలపడుతుంది.

టెంక మొక్క గొప్పతనం తల్లివేరులో ఉంది. టెంకను చెట్టు ఉండాల్సిన చోటే నాటితే ఆ వేరు తెగకుండా లోతుకు దిగి, గాలికీ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది. కానీ చెట్టు చాలా పెద్దదవుతుంది, ఇంటి గోడ పక్కన వద్దు.

అన్ని పండ్లకూ ఇదే లెక్క కాదు. బొప్పాయికి గింజే చాలు, ఏడాది తిరిగేలోపే కాస్తుంది. మాంగోస్టీన్ గింజ పరాగ సంపర్కం లేకుండానే తయారవుతుంది, అందుకే పండు తల్లిదే, కాకపోతే ఏళ్లకేళ్లు ఆగాలి. జామకు గాలి అంటు (కొమ్మకు చెట్టు మీదే వేర్లు పుట్టించి, కోసి నాటేది) త్వరగా కాస్తుంది కానీ తల్లివేరు ఉండదు. ఈదురు గాలులు ఎక్కువైన చోట మొదట్లో ఊతకర్ర తప్పనిసరి.