ఏపీఐ స్పెక్‌లో చెప్పకుండా జరిగే మార్పులు: మెర్జ్ దగ్గర ఆపడం మేలా, లైవ్‌లో పట్టుకోవడం మేలా?

ఓపెన్‌ఏపీఐ స్పెక్ అంటే ఒక ఏపీఐ ఏ రిక్వెస్టులు తీసుకుంటుందో, ఏ రెస్పాన్స్‌లు ఇస్తుందో చెప్పే ఫైల్. అది రివ్యూ లేకుండా మారిపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రిపోలోని (కోడ్ దాచే చోట ఉన్న) యామల్ ఫైల్‌ను దిద్ది, చూడాల్సినవాళ్ల కంట పడకుండా మెర్జ్ చేసేయడం, అంటే ప్రధాన కోడ్‌లో కలిపేయడం. రెండోది, ఆ ఫైల్ జోలికే పోకుండా కోడ్ మార్చి డిప్లాయ్ చేయడం. మెర్జ్ దగ్గర పెట్టే కాపలా మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని అసలు చూడనే చూడదు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది మీ స్పెక్ చేత్తో రాసిందా, లేక ఫాస్ట్‌ఏపీఐ, స్ప్రింగ్‌డాక్ లాంటివి కోడ్ నుంచి పుట్టించిందా అన్నది.

మెర్జ్ దగ్గర కాపలా

గిట్‌హబ్‌లో దీనికి కావాల్సినవి మూడు: ఏ ఫైల్ మార్పును ఎవరు చూడాలో చెప్పే కోడ్‌ఓనర్స్ ఫైల్, నియమాలు చూసే స్పెక్ట్రల్, పాత కొత్త స్పెక్‌లను పోల్చే ఓఏఎస్‌డిఫ్. ఒక్క పూటలో పెట్టేయొచ్చు. పెట్టాక కన్నాలు పడేది మాత్రం ఎప్పుడూ ఈ చోట్లే:

- కోడ్‌ఓనర్స్‌లో ఒక ఫైల్‌కు చివరగా సరిపోలిన వరుసే చెల్లుతుంది. స్పెక్ వరుస కింద ఎవరైనా నక్షత్రం గుర్తుతో అన్నిటికీ ఒక వరుస చేర్చారంటే మీ ఓనర్లు ఎగిరిపోయినట్టే. కాబట్టి కోడ్‌ఓనర్స్ ఫైల్‌కు కూడా ఓనర్ ఉండాలి.
- ప్రధాన స్పెక్‌కు ఓనర్‌ను పెట్టి, రెఫ్‌లతో (వేరే ఫైల్‌ను చూపే లింకులతో) తెచ్చుకునే స్కీమాల, అంటే డేటా రూపం చెప్పే భాగాల, ఫోల్డర్‌ను వదిలేస్తారు. అసలు మార్పులన్నీ జరిగేది అక్కడే.
- గిట్‌హబ్ బ్రాంచ్ రక్షణ సెట్టింగుల్లో కోడ్‌ఓనర్ ఆమోదం తప్పనిసరి చేయకపోతే కోడ్‌ఓనర్స్ ఫైల్ రివ్యూ అడుగుతుందే తప్ప మెర్జ్‌ను ఆపదు. కొత్త కమిట్ వస్తే పాత ఆమోదం రద్దయ్యే సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి.
- స్పెక్ట్రల్ మామూలుగా ఎర్రర్ స్థాయి ఉంటేనే ఫెయిలవుతుంది. నియమాలన్నీ వార్నింగ్‌గా రాసిపెడితే లాగ్ నిండుతుంది, మెర్జ్ మాత్రం సాఫీగా సాగిపోతుంది.

అయితే అసలు పొరపాటు వేరే ఉంది. క్లయింట్‌ను విరగ్గొట్టే మార్పును పట్టుకుంటే చాలు, కాంప్లయన్స్ (భద్రత, వ్యక్తిగత వివరాల నియమాలు పాటించడం) కూడా చూసుకున్నట్టే అనుకోవడం. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఒక ఆపరేషన్ కింద సెక్యూరిటీకి ఖాళీ జాబితా ఇచ్చారనుకోండి. ఆ ఎండ్‌పాయింట్‌కు లాగిన్ అక్కర్లేకుండా పోతుంది. కానీ టోకెన్ పంపే పాత క్లయింట్‌కు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి విరగ్గొట్టే మార్పుల కోసం చూసే బ్రేకింగ్ చెక్ నోరు మెదపదు. రెస్పాన్స్‌లో కొత్తగా పాన్ నంబర్ చేర్చినా అంతే. ఇలాంటివి స్పెక్ట్రల్‌లో సొంత నియమాలుగా రాసుకోవాలి: ఆపరేషన్ స్థాయిలో సెక్యూరిటీ జాబితా ఖాళీగా ఉండకూడదు, అందులో ఖాళీ ఆబ్జెక్ట్ ఉండకూడదు (అది ఉంటే లాగిన్ ఐచ్ఛికమవుతుంది), వ్యక్తిగత వివరాల ఫీల్డ్ పేర్లు అనుమతించిన స్కీమాల్లో తప్ప కనిపించకూడదు.

లైవ్ స్పెక్‌ను గంటగంటకూ పోల్చడం

స్పెక్ కోడ్ నుంచే పుడుతుంటే ఇదే ముఖ్యం. నడుస్తున్న సర్వర్ నుంచి స్పెక్ తెచ్చి, ఆమోదం పొందిన ప్రతితో పోల్చాలి. చాలామంది నిన్నటి ప్రతితో పోలుస్తారు. అలా చేస్తే తప్పుడు మార్పు ఒక్కసారే అలారం మోగిస్తుంది, మర్నాటికి అదే ప్రమాణమై కూర్చుంటుంది. పోల్చాల్సింది మెయిన్ బ్రాంచ్‌లోనో, విడుదల ట్యాగ్‌లోనో ఉన్న ప్రతితో మాత్రమే.

హ్యాష్‌తో (ఫైల్ మొత్తం నుంచి లెక్కగట్టే చిన్న గుర్తుతో) పోల్చడం తేలిక, నమ్మకం తక్కువ. కీల వరుస మారినా, సర్వర్ చిరునామా మారినా అలారమే. జేసన్‌ను సర్దే జేక్యూ టూల్‌తో కీలను వరుసలో పెట్టినా ఎనమ్ (అనుమతించిన విలువలు), రిక్వయర్డ్ (తప్పనిసరి ఫీల్డ్‌లు) జాబితాల క్రమం అలాగే ఉండిపోతుంది. ఓఏఎస్‌డిఫ్‌తో అర్థం చూసి పోల్చడమే నయం. తెచ్చుకున్నది నిజంగా స్పెక్కేనా అన్నదీ ముందు చూడాలి. లాగిన్ పేజీ కూడా 200 కోడ్‌తోనే (అంతా సరే అన్న సమాధానంతోనే) రావచ్చు.

ట్రాఫిక్‌ను స్పెక్‌తో సరిచూడడం

స్టేజింగ్‌లో (లైవ్‌కు ముందు పరీక్షించే సర్వర్‌లో) రిక్వెస్టులను స్పెక్‌తో సరిచూసే ప్రిజమ్‌ను ప్రాక్సీగా మధ్యలో పెట్టడమో, స్పెక్ నుంచి పరీక్షలు పుట్టించే స్కీమాథెసిస్‌తో పరీక్షించడమో చేయొచ్చు. స్కీమాథెసిస్‌ను మాత్రం లైవ్ మీద నడపకండి, పోస్ట్ రిక్వెస్టులతో డేటాబేస్ చెత్తతో నిండుతుంది. ఇక్కడొక చిక్కుంది: స్కీమాలో చెప్పని ఫీల్డ్ రెస్పాన్స్‌లో వచ్చినా తప్పు కాదు, ఎందుకంటే అదనపు ప్రాపర్టీలను స్కీమా మామూలుగానే అనుమతిస్తుంది. డేటా లీకు పట్టాలంటే రెస్పాన్స్ స్కీమాల్లో వాటిని ఫాల్స్ చేయాలి. కొన్ని స్కీమాలను కలిపే ఆల్‌ఆఫ్ వాడిన చోట అది అడ్డం తిరుగుతుంది, ఓపెన్‌ఏపీఐ 3.1లో అన్‌ఇవాల్యుయేటెడ్ ప్రాపర్టీస్ వాడుకోవచ్చు. స్పెక్‌లోనే లేని ఎండ్‌పాయింట్లను స్కీమాథెసిస్ పరీక్షించదు. వాటికి గేట్‌వే (రిక్వెస్టులన్నీ ముందుగా వచ్చే సర్వర్) లాగ్‌లోని పాత్‌లను స్పెక్‌తో సరిపోల్చడం ఒక దారి.

ఏది ముందు?

చేత్తో రాసిన స్పెక్ అయితే మెర్జ్ కాపలాతో మొదలుపెట్టండి. లైవ్ పోలిక తర్వాత చేర్చుకోవచ్చు. కోడ్ నుంచి పుట్టేదైతే ప్రతి బిల్డ్‌లో స్పెక్‌ను తీసి రిపోలోని ప్రతితో పోల్చి, తేడా ఉంటే బిల్డ్‌ను ఫెయిల్ చేయండి. అలా చేస్తే కోడ్ మార్పు కూడా స్పెక్ ఫైల్ మార్పుగా బయటపడి ఓనర్ దగ్గరికి వెళ్తుంది. మా దృష్టిలో ఈ మొత్తంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే. చెల్లింపులు, ఆరోగ్య వివరాలు మోసే ఏపీఐలకైతే రెస్పాన్స్‌ల తనిఖీని వాయిదా వేయకండి.

బయటి సంస్థ ఏపీఐ అయితే మెర్జ్ కాపలాకు వీలే లేదు. వాళ్ల స్పెక్‌ను రోజూ తెచ్చి, తేడా వస్తే మీ రిపోలో ఆటోమేటిక్‌గా పీఆర్ (మార్పును రివ్యూకు పెట్టే పుల్ రిక్వెస్ట్) తెరిచేలా పెట్టండి. అది మెర్జయ్యేదాకా పాత ప్రతే మీ ప్రమాణం.